అప్‌డేట్: బీము కింద పైల్స్‌కి లోడు సగం సగం రాదట

పోయిన నెల అడిగాను కదా, నిజాంపేటలో మా పాత ఇంటి ఫౌండేషన్ బీము కింద కొత్తగా మైక్రోపైల్స్ (భూమిలోకి లోతుగా దించే సన్నటి స్తంభాలు) వేస్తే 60 టన్నుల కాలమ్ లోడు అటూ ఇటూ ఉన్న రెండింటికీ సమానంగా పోతుందా అని. పోదు. ఒకటి కాలమ్‌కి 0.6 మీటర్ల దూరంలో, ఇంకోటి 0.9లో పడింది (డ్రైనేజీ పైపు అడ్డం, ఏం చేస్తాం), కాబట్టి మామూలు లెక్కన దగ్గరిదానికి 36, దూరందానికి 24. అదీ బీము ఆ రెండింటి మీదే ఆనితే. మాది నాలుగు కాలమ్‌ల కింద ఒకటే బీము కనుక ఇంజినీరు ఒక్కో పైల్‌ని స్ప్రింగ్‌లా అనుకుని లెక్క మళ్లీ కట్టారు. రాయి మీద కూర్చున్నది ఎక్కువ లోడు లాక్కుంటుంది, పూడిక మట్టిలో ఆగింది కాస్త దిగి పక్కదాని మీదకి తోసేస్తుంది.

నాకు అసలు తట్టనిది ఇంకోటి. ఇప్పుడున్న బరువంతా పాత మట్టి మీదే ఉంది, కింద పైల్ దించినంత మాత్రాన అది దాని మీదకి రాదు. అందుకే నిన్న పైల్ తలకీ బీముకీ మధ్య జాక్ పెట్టి మెల్లగా ఎత్తి, డయల్ గేజ్ (అతి చిన్న కదలికనీ చూపించే మీటరు) ముల్లు కదలగానే ఆపి, ప్లేట్లు బిగించి గ్రౌట్ (పల్చటి సిమెంటు మిశ్రమం) పోశారు. నేనైతే టెన్షన్‌తో గోడ పగులు మీద గీసిన పెన్సిల్ గీతనే చూస్తూ నిలబడ్డా. బీములోని పాత ఇనప రింగులు షియర్‌కి (బీముని అడ్డంగా కోసేసే బలానికి) చాలవని దానికి జాకెటింగ్ (చుట్టూ కొత్త ఇనుము, కాంక్రీటు తొడుగు) ముందే చేయించాం, ఖర్చు అక్కడే పేలింది.