పక్క ప్లాటులో రోజూ చెత్త తగలబెడుతున్నారు, ఫిర్యాదు ఎవరికివ్వాలి?

హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మాది. పక్కనే సుమారు 200 గజాల ఖాళీ ప్లాటు ఉంది. మూడు వారాలుగా తెల్లవారుజామున 5:15 ప్రాంతంలో అక్కడ చెత్తకు నిప్పు పెడుతున్నారు. ఎండుటాకులైతే సర్దుకుపోయేవాళ్ళమేమో, కాలేది థర్మాకోల్, కొబ్బరి బోండాలు, పాత చెప్పులు. ఏడింటి దాకా పొగే. బాల్కనీలో ఆరేసిన బనియన్లు దులిపితే నల్లటి నుసి రాలుతోంది.

మా చెత్తంతా తడి, పొడి వేరుచేసి 7:30కి వచ్చే ఆటోకే ఇస్తున్నాం.

మున్సిపల్ యాప్‌లో మూడుసార్లు ఫిర్యాదు చేశాను. రెండుసార్లు మర్నాటికే ‘పరిష్కరించాం’ అని మూసేశారు. ఒకసారి రుజువుగా వాళ్ళు పెట్టిన ఫొటోలో వేపచెట్టుంది, ఈ ప్లాటులో అసలు చెట్టే లేదు! వార్డు ఆఫీసుకు వెళ్తే ‘ప్రైవేటు స్థలం, ఓనర్‌ని అడగండి’ అన్నారు. ఓనరెవరో కాలనీలో ఒక్కరికీ తెలీదు.

2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆరుబయట చెత్త కాల్చడాన్ని పూర్తిగా నిషేధించింది, డంపింగ్ యార్డుల్లో కూడా. మామూలుగా కాలిస్తే 5,000, భారీగా కాలిస్తే 25,000 రూపాయల జరిమానా. మరి ప్రైవేటు ప్లాటుకు మినహాయింపు ఎక్కడిది?

టైముతో సహా ఆరు వీడియోలు నా దగ్గరున్నాయి. చీకట్లో తీసినవి కాబట్టి ముఖాలు మాత్రం పడలేదు.

ఇలాంటిది మీ దగ్గర ఆపించినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి: ఓనర్ పేరు, కాల్చినవాళ్ళ పేరు లేకుండా ఈ వీడియోలతోనే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే తీసుకుంటారా?