"ఊరెళ్ళిపోతా మామా": ఇందులో ఆ 'పో' ఏం చేస్తోంది?

ఈ వారం పాట తెచ్చే వంతు నాది. నాకిష్టమైనదే తెచ్చాను, సినిమాది కాదు: చౌరస్తా బ్యాండ్ వాళ్ళ "ఊరెళ్ళిపోతా మామా". సిటీలో ఉంటున్న అబ్బాయి ఊరెళ్ళిపోతానని పాడే పాట. మా నాన్నగారి తరం సినిమాలో లేని పాటని ప్రైవేటు పాట అనేది. అదే రేడియోలో వస్తే లలిత గీతం. ఘంటసాల పుష్పవిలాపం అలా ప్రైవేటుగా ఇంటింటికీ వెళ్ళిందే. ఇప్పుడు ఇండీ అంటున్నాం. ఆ పేర్ల మీద ఇంకోసారి కొట్టుకుందాం, ఈసారికి పల్లవి చాలు.

జవాబు రాసేవాళ్ళు ముందు మీ ఊరి పేరు పెట్టండి. సంగతి ఊరి గురించే కాబట్టి మనుషుల పేర్లకంటే అదే పనికొస్తుంది.

నేనీ పాట వినేది ఎక్కువగా ఆదివారం రాత్రి, సోమవారానికి చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ. సరిగ్గా కాలరు దగ్గరికొచ్చేసరికి "ఎర్ర బస్సెక్కి మళ్ళీ తిరిగెళ్ళిపోతా మామా" అంటాడు. రెండు మాటలు చెవిలో ఉండిపోయాయి.

మొదటిది, 'కి' ఏమైంది? ఇంటికెళ్ళాడు, బడికెళ్ళాడు, పొలానికెళ్ళాడు. ఎక్కడా 'కి' వదలం. "ఇల్లెళ్ళాడు", "బడెళ్ళాడు" అంటే పిల్లలు కూడా నవ్వుతారు. ఊరికి మాత్రం ఆ నియమం లేదు, ఊరెళ్ళాడు అనేస్తాం. గుంటూరు వెళ్ళాడు, తిరుపతి వెళ్ళాడు అన్నట్టే. అంటే మన నోట్లో 'ఊరు' మామూలు నామవాచకంలా కాకుండా పేరున్న చోటులా నడుస్తోంది. పైగా తేడా కూడా ఉంది. గుమ్మంలో చిట్టీ డబ్బులవాడు నిలబడితే "ఆయన ఊరెళ్ళారండీ" అంటాం. ఆయన బెంగళూరు వెళ్ళినా సరే, పక్క వీధికి వెళ్ళినా సరే! "ఊరికెళ్ళారు" అంటే మాత్రం సొంతూరికి వెళ్ళారనే నాకు వినిపిస్తుంది. మీకూ అంతేనా?

రెండోది 'పో'. అసలు గొడవ ఇదే. వెళ్ళాడు అంటే చూపు చేరే చోటు మీద ఉంటుంది. వెళ్ళిపోయాడు అంటే వదిలిన చోటు మీద ఉంటుంది. "ఎక్కడికెళ్ళాడు?" అని అడుగుతాం. ఆఫీసులో ఖాళీ కుర్చీ చూసి "వెళ్ళిపోయాడా?" అంటాం. కాబట్టి ఈ పాటలో పేరు ఊరిది, చూపు సిటీది.

ఇంకా ముందుకెళ్తాను. నా లెక్కలో ఈ అబ్బాయి ఎక్కడికీ వెళ్ళడు. నిజంగా వెళ్ళేవాడు ఎలా మాట్లాడతాడో చూడండి: "శుక్రవారం రాత్రి బండికి వెళ్తున్నా, సోమవారం పొద్దున దిగుతా." అందులో వారం ఉంటుంది, బండి ఉంటుంది, 'తున్నా' ఉంటుంది. 'ఇపోతా' ఎక్కడ వింటాం? "పుట్టింటికి వెళ్ళిపోతా." "హిమాలయాలకి వెళ్ళిపోతా." దాని చెల్లెలు "మానేస్తా" కూడా ఉంది, ప్రతి అప్రైజల్ తర్వాత వినిపించేది. ఇవన్నీ బెదిరింపులు. ఎదుటివాడు "వద్దులే, ఉండు" అనాలని అనే మాటలు. పాట బాగుండేది అందుకే అని నా నమ్మకం. నిజంగా వెళ్ళేవాడి పాటైతే ఒక్క చరణంతో సరిపోయేది, మిగతా టైం బ్యాగు సర్దుకోడానికి కావాలి కదా.

కాదంటే కాదనండి.

హనుమకొండ: అన్నా, ముందు బ్యాండ్ పేరు సంగతి చెప్పు. చౌరస్తా అన్నందుకే నేను ఆ పాట తెరిచిన. మాకు హనుమకొండ చౌరస్తా అంటే ఊరి నడిబొడ్డు. విజయవాడోళ్ళకు సెంటర్ అంటే తప్ప అర్థం కాదు. ఇగ నీ 'కి' సంగతి. మేం వదలం. "ఊరికి వోయిండు" అనే అంటం. గుమ్మంల డబ్బులాయన నిలవడితే "ఊర్ల లేడు" అంటం. కాబట్టి నీ సూత్రం కృష్ణ దాటి ఇటు రాలే. 'పో' మాత్రం మాకూ ఉంది, ఎల్లిపోత అంటం. కానీ బెదిరింపు అంటే నేనొప్పుకోను. ఇంకో సంగతి, ఆ మామ ఎవరు? పల్లె పాటల్ల ఆడపిల్ల పిలిచే మామ వేరు, మేనమామ వేరు, కాలేజీ క్యాంటీన్ల "మామా, ఒక చాయ్ చెప్పు" వేరు. మామ ఎవరో తేలకుంటే అర్థమే మారిపోతది.

విశాఖపట్నం: పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారిని, కొంచెం వ్యాకరణం భరించండి. బస్సు + ఎక్కి = బస్సెక్కి. ఉత్వ సంధి, పేచీ లేదు. ఊరు + వెళ్ళి అంటే సంధి జరగకూడదు, ఎదురుగా వకారం ఉంది. వాడుకలో వెళ్ళు 'ఎళ్ళు' అయ్యాకే ఊరెళ్ళి సాధ్యమైంది. అంటే ఆ వకారం పోగొట్టుకున్న నోటికే ఈ పాట కుదురుతుంది. "ఊరు వెళ్ళిపోయెదను మామా" అని పాడి చూడండి, బస్సు అక్కడే ఆగిపోతుంది.

మరొకటి. "మళ్ళీ తిరిగి" అన్నది పునరుక్తి అని పరీక్ష పేపర్లో మార్కు తగ్గించేవాణ్ణి. మళ్ళు అన్నా వెనక్కి తిరగడమే, తిరుగు అన్నా అదే. కానీ జనం నోట ఈ జంట విడదీయలేనిది. ఇక్కడ నేను మార్కు తగ్గించను.

పాలకొల్లు: మీ బెదిరింపు సిద్ధాంతానికి నేనే ఎదురు సాక్ష్యం. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ నేనూ "వెళ్ళిపోతా" అంటూనే ఉండేవాడిని, రూమ్మేట్లు ఏడిపించేవారు. 2020 లాక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చినవాణ్ణి తిరిగి వెళ్ళలేదు. కాబట్టి 'ఇపోతా' అన్నవాళ్ళలో వెళ్ళేవాళ్ళూ ఉంటారు.

అయితే ఒకటి గమనించాను. ఇక్కడికొచ్చాక నా నోట "ఊరెళ్ళిపోయాను" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. "వచ్చేశాను" అంటాను. ఆ మాట అమ్మదే. ఉద్యోగం గురించి టెన్షన్ పడుతుంటే ఫోన్‌లో ఒకటే మాట, "పోతే పోయిందిరా, వచ్చెయ్." హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు ఇప్పటికీ "నువ్వు వెళ్ళిపోయావుగా" అంటాడు. ఒకే ప్రయాణం, ఆ చివర వెళ్ళిపోవడం, ఈ చివర వచ్చేయడం.

హైదరాబాద్ (పోస్టు పెట్టినవాణ్ణి): పాలకొల్లు గారూ, హనుమకొండ అక్క అడిగిన ప్రశ్నకి జవాబు మీరే ఇచ్చేశారు! తెలుగులో వెళ్ళు, వచ్చు అన్నవి వినేవాడు ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి మారతాయి. అమ్మకి ఫోన్ చేసి "ఊరొస్తున్నా" అంటాం, పక్క సీటతనికి "ఊరెళ్తున్నా" అంటాం. ఇంట్లో ఉన్న అమ్మతో "నేను ఇంటికి వెళ్తున్నా" అంటే ఇంకెవరింటికో అనుకుంటుంది. పాటలో "ఊరొచ్చేస్తా మామా" అని లేదు, "ఊరెళ్ళిపోతా" అని ఉంది. అంటే మామ ఊళ్ళో లేడు. ఊళ్ళో పెంకుటింటి అరుగు మీద కూర్చున్న మేనమామ కాదు, సిటీలో పక్కన కూర్చున్న స్నేహితుడే. పాటలో రెండో గొంతు కూడా చూడండి: "ఏ ఊరెళ్తావు మామా" అని ఎదురడుగుతుంది. అదీ 'వెళ్తావు'. ఇద్దరూ ఊరి బయటే నిలబడి ఊరి గురించి వాదించుకుంటున్నారు.

అక్కా, క్యాంటీన్ మామే ఖాయం.

హనుమకొండ: ఒప్పుకున్న. కానీ ఆ రెండో గొంతే నాకు నచ్చుతది. ఊరు పేరుకే మిగిలింది, తీరు మారింది అంటడు. ఆ దుఃఖం మనకు కొత్తగాదు. గోరటి వెంకన్న "పల్లె కన్నీరు పెడుతుందో" అన్నప్పుడే ఉంది. 2002ల కుబుసం సినిమాల వచ్చినా, అది మాకు సినిమా పాట గాదు, సభల పాట. అందుల కుమ్మరి వాముల తుమ్మలు మొలిచినయంటడు. అంటే కుండలు కాల్చే పనే లేదన్నట్టు. ఊరు మారింది అని ఊకే అనలే, ఏ పని ఆగిందో చూపిండు. ఈ ఇండీ పిల్లలు అంత దగ్గరికి పోరు, కిటికీల నుంచి చూస్తరు. తప్పని గాదు, బస్సుల కూసున్నోళ్ళు అట్లనే చూస్తరు.

నారాయణపేట: అందరికీ ఎర్రబస్సు ఊరికి తీస్కొచ్చే బండి అయింది. మా దిక్కు ఊరినుంచి తీస్కపోయే బండి. బొంబాయి బస్సు అంటే పాలమూరుల తెల్వనోడు లేడు. కూలికి తీస్కపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే మూట కట్టుడు, పిల్లల్ని ముసలమ్మ కాడ ఇడిసిపెట్టి ఎక్కుడు. మా అవ్వ బస్సు కాడ "పోతున్న" అననిచ్చేది గాదు. "పోయొస్త అను" అని గదిమేది. 'వస్త' లేకుండ 'పోత' అనుడు అపశకునం. ఈ పాట ఇన్నప్పుడు నాకు మొదలు తట్టింది గదే. ఈ పిల్లగాడు 'వస్త' అనకుండ 'పోత' అంటున్నడు, అదీ సిటీకి. ఇన్నేండ్లు బువ్వ పెట్టిన సిటీకి "పోయొస్త" అనడు. గంత కోపమున్నదన్నట్టు. బెదిరింపు గాదు తమ్మీ, అలక.

హైదరాబాద్ (పోస్టు పెట్టినవాణ్ణి): అన్నా, ఈ మాట నాకు తట్టలేదు. బెదిరింపు కంటే అలక నయం. అలకలో కూడా "ఉండు" అనాలనే కోరిక ఉంటుంది కాబట్టి నా సిద్ధాంతం సగం బతికింది, అంతవరకు సంతోషం.

ఎర్రబస్సు సంగతి ఎవరైనా ఎత్తుతారని చూస్తున్నాను. ఈ నగరంలో "ఎర్రబస్సెక్కి వచ్చావా?" అంటే తిట్టు. ఎస్కలేటర్ ముందు తడబడినవాడినీ, మెట్రోలో కార్డు ఎటు ఆనించాలో తెలియనివాడినీ అనే మాట. పాట రాసినవాళ్ళు సరిగ్గా ఆ మాటనే తీసుకుని బస్సుని వెనక్కి తిప్పారు. నువ్వు దేనిమీద వచ్చావని నవ్వారో దానిమీదే పోతాను అన్నట్టు. పల్లవిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఏసీ స్లీపర్ ఎక్కి పోతానంటే పాట లేదు.

పుణె: మహారాష్ట్రలో ఎస్టీ బస్సు, అంటే అక్కడి ప్రభుత్వ బస్సు, కూడా ఎరుపే. దాన్ని ముద్దుగా 'లాల్ పరీ' అంటారు. ఎర్ర పరి! కేరళలో వాళ్ళ ఆర్టీసీ బస్సుని 'ఆనవండి' అంటారు, గుర్తులో ఏనుగులున్నందుకు ఏనుగు బండి. కర్ణాటకలో 'కెంపు బస్సు', అది ఊరికే రంగు పేరు. దాన్ని తిట్టుగా చేసుకున్నది మనమేనేమో అనిపిస్తుంది. ఎందుకో ఎవరైనా చెప్పగలరా?

సికింద్రాబాద్: మా నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, ఈ తిట్టు మా ఇంట్లో నిషేధం. నిజాం ప్రభుత్వం 1932లో రైల్వే శాఖ కింద 27 బస్సులతో మొదలుపెట్టిన సంస్థకి వారసత్వం ఇది. ఏపీఎస్ఆర్టీసీగా మారింది 1958 జనవరి 11న. నాన్న ఎప్పుడూ ఎర్రబస్సు అనరు, 'బండి' అంటారు. మిగతా భాష కూడా వేరు. స్టాపు కాదు 'స్టేజీ'. బయల్దేరమనడానికి 'రైట్ రైట్', ఆపమనడానికి 'హోల్డాన్'. టికెట్ మిషన్లు రాకముందు ప్రతి స్టేజీ దగ్గరా టికెట్ కట్టల నంబర్లు చూసి 'ఎస్సార్' అనే లెక్కల కాగితం రాయాలి, ఊగే బండిలో, చంకలో సంచి పెట్టుకుని. రిటైరయ్యాక కూడా ఆయన పెన్ను చెవి మీదే పెట్టుకుంటారు.

పుణె వారి ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. మనం తిట్టింది బస్సుని కాదు, దిగినవాణ్ణి. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు. పల్లెవెలుగులో కాలు పెట్టే చోటు లేదు. అంతమంది రోజూ ఎక్కే బండి పేరుతో ఎవరిని తిడతారు? తిట్టు దానంతట అదే అరిగిపోతుందని మా అమ్మ ఆశ. నాన్నకి పాట వినిపించాను. మొత్తం విని, "ఏ డిపో బండి?" అని అడిగారు.

విశాఖపట్నం: మీ నాన్నగారి ప్రశ్నే ఈ చర్చలో అన్నిటికంటే సూటి ప్రశ్న.

కదిరి: మా పక్క మాట కూడా చేర్చుకోండి. మేము బెంగళూరు నుంచి పండగకు వచ్చేటప్పుడు "ఊరికి పోతాండా" అంటాం. 'పో' ఇక్కడ అసలు క్రియే, సాయానికి వచ్చిన 'పో' కాదు. దాంట్లో అలకా లేదు, బెదిరింపూ లేదు. ఊరికే చెప్పినట్టు ఉంటాది. ఈ పాటను మా యాసలో పాడితే ఆ అబ్బాయి నిజంగానే పోయేట్టున్నాడు!

డల్లాస్: ఆలస్యంగా చూశాను. ఇక్కడ మాకు 'ఊరు' అన్న మాట వాడుకలోంచి తప్పుకుంది. "ఇండియా వెళ్తున్నాం" అంటాం, తెనాలి వెళ్తున్నా అదే మాట. 'కి' మాత్రం ఇండియాకీ పెట్టం, గమనించారా? ఇక 'ఇపోతా' సంగతి. ప్రతి వీకెండ్ పార్టీలోనూ ఎవరో ఒకరు "ఇండియా వెళ్ళిపోతాం" అంటారు. వచ్చే ఏడాది, పిల్లాడి హైస్కూల్ అయ్యాక, గ్రీన్‌కార్డ్ వచ్చాక. పోస్టు పెట్టినాయన లెక్క ప్రకారం వీళ్ళెవరూ వెళ్ళరు, నారాయణపేట అన్న లెక్క ప్రకారం వీళ్ళు ఈ దేశం మీద అలిగారు. పోయిన నెల మా వీధిలో ఒకాయన నిజంగానే ఇల్లు అమ్ముకుని వెళ్ళారు. ముందు ఎవరితోనూ అనలేదు. గరాజ్ సేల్ బోర్డు పెట్టాకే తెలిసింది.

హైదరాబాద్ (పోస్టు పెట్టినవాణ్ణి): ఆయన సాక్ష్యం నా వైపే రాసుకుంటున్నాను. వచ్చే వారం వంతు కదిరి వారిది. సినిమాది కాని పాట, ఈసారి సీమ యాసలో ఉంటే ఇంకా మంచిది. పల్లవి మాత్రమే రాయండి, చరణాలన్నీ పెడితే మాస్టారు సంధులు విడదీస్తూ కూర్చుంటారు.