వేలిముద్రలు పోల్చే సాఫ్ట్‌వేర్ పరాయిదైతే ఆధార్ మనదేనా?

గోదావరి గట్టు:
ఆధార్ సమాచారం దేశం దాటి పోలేదు కాబట్టి అది మనదే అని చాలామంది నిశ్చింతగా ఉన్నారు. నాకు ఆ నిశ్చింత లేదు. కొత్తగా నమోదైన మనిషి పది వేలిముద్రలను, రెండు కనుపాపలను అప్పటికే ఉన్నవాటన్నిటితో పోల్చి, ఇతనికి ఇదివరకే నంబరు ఉందో లేదో తేల్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. ఆధార్‌కు ప్రాణం అదే. 2010లో ఆ పనిని మూడు కూటములకు అప్పగించారు: యాక్సెంచర్, మహీంద్రా సత్యం–మోర్ఫో, ఎల్-1. రెండో కూటమిలో సత్యం మన హైదరాబాదుదే కానీ, వేలిముద్రల విద్య ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్ వారి మోర్ఫోది. ఎల్-1 అమెరికా సంస్థ. మరుసటి ఏడాదే ఎల్-1ను సాఫ్రాన్ కొనేసింది. పోటీ ఉండాలని ముగ్గురిని పెట్టుకుంటే ఇద్దరు ఒకే గొడుగు కిందికి చేరారు. 2017లో సాఫ్రాన్ ఈ వ్యాపారాన్ని అడ్వెంట్ అనే అమెరికా పెట్టుబడి సంస్థకు అమ్మింది. ఇప్పుడు దాని పేరు ఇడెమియా. ఈ బేరాలన్నీ మన గడప బయట జరిగాయి. 130 కోట్లకు పైగా నంబర్లు ఇచ్చిన వ్యవస్థలో ఇంత కీలకమైన భాగం ఎవరి సొత్తో, రేపు ఎవరి సొత్తవుతుందో మనం చెప్పలేకపోవడం నన్ను బాధిస్తోంది.

సర్వర్ గది:
ఇరవై ఏళ్లుగా డేటా కేంద్రాల్లో పనిచేస్తున్నాను. మీరు సంస్థ యాజమాన్యాన్నీ సమాచార యాజమాన్యాన్నీ కలిపేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ విదేశీయులదే. అది నడిచేది మాత్రం బెంగళూరు, మానేసర్‌లలో ఉన్న మన సర్వర్ల మీద. బయోమెట్రిక్ సర్వర్లకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదని ఆధార్‌ను చూసుకునే ప్రభుత్వ ప్రాధికార సంస్థ (యూఐడీఏఐ) సుప్రీంకోర్టుకు కూడా చెప్పింది. అసలు బలం ఇంకోచోట ఉంది. ప్రతి కంపెనీ సాఫ్ట్‌వేర్ వేలిముద్ర బొమ్మలోంచి గీతలు విడిపోయే చోట్లు, ఆగిపోయే చోట్లు ఏరుకుని తనదైన పద్ధతిలో ఒక నమూనా తయారుచేసుకుంటుంది. ఒకరి నమూనా ఇంకొకరికి పనికిరాకపోవచ్చు. కానీ మూల చిత్రాలు మన దగ్గరే భద్రంగా ఉన్నాయి. అవి ఉన్నంతకాలం ఏ కంపెనీనైనా సాగనంపి, కొత్తవారితో నమూనాలు మళ్లీ తీయించుకోవచ్చు. పైగా ముగ్గురిలో బాగా పనిచేసినవారికి ఎక్కువ పని వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఇంతకంటే జాగ్రత్తగా కొన్న దేశాన్ని చూపించండి.

గోదావరి గట్టు:
సాగనంపవచ్చు అంటున్నారు. ఎన్నాళ్లలో? ఇన్ని కోట్ల మంది నమూనాలు మళ్లీ తీసి, మళ్లీ పోల్చి, తప్పులు దిద్దేదాకా కొత్త నమోదులు ఆపుతామా? 2018 ఆధార్ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ తన భిన్నాభిప్రాయంలో, ఆ సాఫ్ట్‌వేర్ మీద యాజమాన్యం విదేశీ సంస్థదేనన్న సంగతిని ఎత్తిచూపారు. మెజారిటీ దాన్ని ప్రమాదంగా చూడలేదు. నేను ఆ ఒక్క న్యాయమూర్తి పక్షమే.

ఆమ్‌స్టెల్ తీరం:
నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడ పన్నులు కట్టాలన్నా, పింఛను వివరాలు చూడాలన్నా డిజిడీ అనే ప్రభుత్వ లాగిన్ కావాలి. దాని సర్వర్లను చూసుకునేది సాల్వినిటీ అనే డచ్ కంపెనీ. 2025 నవంబరులో దాన్ని అమెరికాకు చెందిన కిండ్రిల్ కొంటున్నట్టు ప్రకటన వచ్చింది, పార్లమెంటులో కలకలం రేగింది. భయానికి కారణం అమెరికా 2018లో చేసిన క్లౌడ్ చట్టం. తమ కంపెనీ అదుపులో ఉన్న సమాచారం ప్రపంచంలో ఎక్కడున్నా, కోర్టు ఉత్తర్వు చూపి ఇమ్మని అడిగే అధికారాన్ని అది ఇస్తుంది. సర్వర్ గది గారూ, సర్వర్ మన గడ్డ మీద ఉందన్న ధీమా ఇక్కడ సరిపోలేదు.

సర్వర్ గది:
డిజిడీలో అమ్మకానికి వచ్చింది సర్వర్లను నడిపే కంపెనీయే. ఆధార్‌లో సర్వర్లు ప్రాధికార సంస్థ సొంతం. రెండూ ఒకటి కావు.

చౌకదుకాణం:
మా కుటుంబం రేషన్ దుకాణం నడుపుతోంది, అక్కడ రోజూ చూసేది చెబుతాను. మిరప కోతలకు వెళ్లే ఒక పెద్దమ్మ బొటనవేలును చీర కొంగుకు తుడుచుకుని యంత్రం మీద పెడుతుంది. పడదు. నీళ్లతో కడిగి మళ్లీ పెడుతుంది. పడదు. చూపుడువేలు, ఆ తర్వాత ఎడమచెయ్యి. కోతల్లో అరిగిన వేళ్ల మీద గీతలు ఎక్కడుంటాయి? సంచి మడిచి చంకలో పెట్టుకుని, ‘రేపు మళ్లీ వస్తాను బాబూ’ అంటుంది. ఆమెకు యంత్రం ఫ్రాన్స్‌దైనా బెంగళూరుదైనా ఒకటే. సార్వభౌమత్వం గురించి మాట్లాడేవారు ఆ వేలు గురించి కూడా మాట్లాడాలి.

గోదావరి గట్టు:
మీ మాట నా వాదానికి ఎదురు కాదు, దానికే బలం. ఆ వేలు ఎందుకు పడలేదో తేల్చాలంటే పోల్చే పద్ధతిని విప్పి చూసే హక్కు మనకుండాలి. 2017లో ఎస్తోనియాలో సుమారు ఏడున్నర లక్షల గుర్తింపు కార్డుల చిప్పుల్లో లోపం బయటపడింది. చిప్పు చేసింది జర్మనీ సంస్థ ఇన్ఫినియాన్. అయినా ఆ చిన్న దేశం నవంబరులో ఆ కార్డుల్లోని డిజిటల్ ధ్రువపత్రాలను నిలిపివేసి, జనం ఇంట్లోంచే కార్డు సరిచేసుకునే దారి చూపింది. వస్తువు పరాయిదే, దాన్ని విప్పి బిగించే నేర్పు మాత్రం సొంతం. మనవాళ్లు బెంగళూరు ట్రిపుల్ ఐటీలో 2018లో మొదలుపెట్టిన మోసిప్‌ను, అంటే ఏ దేశమైనా తన గుర్తింపు వ్యవస్థకు వాడుకోగల ఓపెన్ సోర్స్ వేదికను, ఫిలిప్పీన్స్ తీసుకుంది. అక్కడ కూడా ముద్రలు పోల్చే భాగం ఇడెమియాదే. అందరూ చివరికి ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. నేను అడిగేవి రెండే. కంపెనీ యాజమాన్యం మారిన రోజున ఒప్పందం రద్దు చేసుకునే హక్కు, సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్ మూల రాత, ప్రతి ఒకటి మన దేశంలో మూడో పక్షం దగ్గర ఉండటం. ఈ షరతులు ఒప్పందంలో ఉన్నాయో లేవో ప్రజలకు చెప్పాలి.

సర్వర్ గది:
సోర్స్ కోడ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. రద్దు హక్కు విషయంలో మాత్రం కాదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ చేసేవారు ప్రపంచంలో కొద్దిమందే. యాజమాన్యం మారిన ప్రతిసారీ వదులుకుంటూ పోతే, కోట్ల ముద్రలు మోయగలిగిన సాఫ్ట్‌వేర్ మనవాళ్లు తయారుచేసేదాకా ఆ పెద్దమ్మకు ఇవాళ దొరుకుతున్న బియ్యం కూడా దొరకవు.

చౌకదుకాణం:
ఆమెకు ఈ నెల బియ్యం ఇంకా అందలేదండీ.