క్రోటన్ రంగు వెలిసిపోతోంది: తూర్పు బాల్కనీయా, లోపలి నీడా?

తూర్పు బాల్కనీ: మాది విశాఖ లాసన్స్‌బే కాలనీ, మూడో అంతస్తు. వెడల్పాటి ఆకుల క్రోటన్, 12 అంగుళాల కుండీ, హాల్లో కిటికీకి ఆరడుగుల దూరం. కొత్త ఆకుల్లో పసుపు, ఎరుపు తగ్గి పచ్చదనమే మిగులుతోంది. బాల్కనీలో పెడితే ఉప్పుగాలికి మాడుతుందని కొందరంటున్నారు. ఏం చేయాలి?

ఎర్రమట్టి: బయట పెట్టండి, అనుమానం వద్దు. వెలుతురు చాలకపోతే క్రోటన్ పత్రహరితం పెంచుకుంటుంది, మిగతా రంగులు వెనక్కి పోతాయి. రోజుకి నాలుగైదు గంటల పొద్దుటి ఎండ కావాలి. అయితే ఒక్కసారిగా వద్దు. నీడలో పుట్టిన ఆకు పల్చన, నేరుగా ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. మొదటి మూడు రోజులు గంట చొప్పున, తర్వాత రెండ్రోజులకో గంట పెంచుతూ రెండు వారాల్లో అలవాటు చేయండి. చోటు మారినందుకు కింది ఆకులు కొన్ని రాలతాయి. అది చూసి కంగారుపడి నీళ్లు ఎక్కువ పోస్తారు, వేరు కుళ్లేది అక్కడే. పైమట్టి అంగుళం లోతు ఆరాకే పోయండి.

ఉప్పుగాలి: ఎర్రమట్టి గారూ, మీరు చెప్పింది మధురవాడ లోపలి వీధులకి సరిపోతుంది. విశాఖలో సముద్రం ఉన్నదే తూర్పున. పొద్దుటి ఎండ వచ్చే వైపు నుంచే ఉప్పు కూడా వస్తుంది. సూర్యుణ్ణి తీసుకుని గాలిని వద్దనలేం కదా! అలాంటి బాల్కనీలో ఆకు కొసలు, అంచులు గోధుమరంగుకి తిరిగి లోపలికి ఎండుతూ వస్తాయి. నా మాట, హాల్లోనే కిటికీకి అడుగు దూరానికి జరపండి.

ఎర్రమట్టి: ఎండదెబ్బకీ ఉప్పుకీ తేడా చూడాలి. ఎండదెబ్బైతే ఎండ పడే వైపే, ఆకు మధ్యలో తెల్లబారిన మచ్చ. ఉప్పైతే మీరన్నట్టు కొసల నుంచే మొదలు. కానీ కొస ఎండితే నేరం గాలిదే అనుకోవద్దు. తీరానికి దగ్గరి బోరునీళ్లు ఉప్పగా ఉంటే అదే పని చేస్తాయి. మట్టిలో బీచ్ ఇసుక కలిపినా అంతే. నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లు అడుగు కన్నాల్లోంచి పారేదాకా పోస్తే ఉప్పు దిగిపోతుంది. గాలి ఎక్కువగా వీచిన రోజు సాయంత్రం ఆకుల్ని రెండువైపులా కడగండి. పిట్టగోడ కన్నా కిందికి కుండీ పెట్టి, రెయిలింగ్‌కి సగం వెలుతురు వదిలే షేడ్‌నెట్ కడితే గాలి జోరు తగ్గుతుంది, వెలుతురు అందుతుంది.

ఆకు వెనక: జరిపేముందు ఒక్క పరీక్ష. ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టండి. చుక్కలు కదిలితే ఎర్రనల్లి అనే సన్నని పురుగు. రసం పీల్చిన చోటల్లా సన్నని పాలిపోయిన చుక్కలు పడి, దూరం నుంచి రంగు వెలిసినట్టే కనిపిస్తుంది. పొడి వేడిలో వారం పది రోజులకే కొత్త తరం పుడుతుంది కాబట్టి ఒక్కసారి కొట్టి వదిలేస్తే లాభం లేదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు, ఎండ తగ్గాక ఆకు అడుగున. వారానికోసారి చొప్పున మూడుసార్లు. ఇంకోటి, యూరియా వేస్తుంటే ఆపండి. నత్రజని ఎక్కువైనా ఆకు పచ్చబడుతుంది.

తూర్పు బాల్కనీ: కాగితం మీద ఏమీ కదల్లేదు. వేసింది వర్మీకంపోస్టే. పాలిపోయిన ఆకులకి రంగు తిరిగొస్తుందా?

ఎర్రమట్టి: పాత ఆకుల మీద ఆశ పెట్టుకోకండి, కొత్తగా వచ్చే వాటినే చూడండి. అవీ చాలా రకాల్లో మొదట పచ్చగానే విప్పుకుని, ముదిరేకొద్దీ ఎరుపెక్కుతాయి. రెండు నెలలు ఆగాలి. మరీ సాగిన కొమ్మని కణుపు పైన కోయండి, చేతికి గ్లవ్స్ ఉండాలి. కారే పాలు చర్మానికి దురద, బట్టకి మరక.

ఉప్పుగాలి: నెట్ కడితే నాకు అభ్యంతరం లేదు. కానీ రోహిణి కార్తెలో మాత్రం జరపకండి, తొలకరి పడ్డాక మొదలుపెట్టండి. తుపాను హెచ్చరిక వస్తే కుండీ లోపలికే. ఈ రెండు విషయాల్లో నేను తగ్గను.