పెళ్లయిన రెండు నెలలకే ఉట్నూర్ ఏజెన్సీలో టీచరు ఉద్యోగం: కాపురం ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: హనుమకొండ అబ్బాయి

అందరికీ నమస్కారం. 2024 ఆగస్టులో, శ్రావణమాసంలో మా పెళ్లి జరిగింది. నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లి తీరాలి, మిగిలిన పని ఇంటి నుంచి చేసుకోవచ్చు. నా భార్య ఆదిలాబాద్ పట్టణంలో పుట్టి పెరిగిన అమ్మాయి. డీఎడ్ పూర్తి చేసి, రెండేళ్లు కోచింగు తీసుకుని, 11,062 పోస్టులతో వచ్చిన 2024 డీఎస్సీలో ఎస్.జి.టి.గా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) ఎంపికైంది. అక్టోబరు 9న ఎల్.బి. స్టేడియంలో నియామక పత్రాల పండుగకు ఇద్దరం కలిసి వెళ్లాం. ఆమె కింద కుర్చీల్లో ఉంటే నేను పైన గ్యాలరీలో కూర్చుని, ఇంత జనంలో ఆమె ఎక్కడుందో కనిపించకపోయినా ఫోటోలు తీస్తూనే ఉన్నాను.

తర్వాత కౌన్సెలింగులో ఆమె వంతు వచ్చేసరికి రోడ్డు పక్క బడులన్నీ అయిపోయాయి. ఉట్నూరు దాటి నార్నూర్ వైపు, బస్సు దిగి ఇంకా ఒకటిన్నర కిలోమీటరు నడిస్తే వచ్చే ఒక గూడలోని (గిరిజన పల్లెలోని) ప్రాథమిక పాఠశాల మిగిలింది. ఒకటి నుంచి ఐదు వరకు ఇరవై ముగ్గురు పిల్లలు. రెండు పోస్టుల్లో ఒకటి ఖాళీ కాబట్టి ఐదు తరగతులకూ ఆమె ఒక్కతే టీచరు.

ప్రస్తుతం ఆదిలాబాద్‌లో పుట్టింటి నుంచే వెళ్లి వస్తోంది. నాలుగున్నరకు లేచి, తెల్లవారకముందే బస్సెక్కి, ఉట్నూరులో దిగి, నిండితేగాని కదలని షేరింగ్ ఆటో కోసం ఎదురుచూసి బడి చేరుతుంది; ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతోంది. నేను శనివారం రాత్రి బయలుదేరి ఆదివారం తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో దిగి, మళ్లీ ఆదివారం రాత్రి బస్సెక్కుతున్నాను. మూడు నెలలుగా ఇదే వరుస.

ఇలాగే రోజూ ప్రయాణం చేయడమా, ఉట్నూరులో గది తీసుకుని ఆమె ఒంటరిగా ఉండడమా, లేక మా అమ్మ అంటున్నట్టు ఉద్యోగం వదిలి హైదరాబాదు వచ్చి ఏదైనా ప్రైవేటు బడిలో చేరడమా? భార్యాభర్తల కోటాలో ఆమెకు హైదరాబాదు బదిలీ దొరుకుతుందా? అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1: 2008 డీఎస్సీ టీచరమ్మ

బాబూ, ముందుగా మీ అమ్మగారి మాట సంగతి తేల్చేద్దాం. ఎస్.జి.టి. స్కేలు 31,040తో మొదలవుతుంది. దాని మీద 2024 చివర నాటి 26.39 శాతం కరువు భత్యం, పల్లెలకిచ్చే 11 శాతం ఇంటి అద్దె భత్యం కలిపితే 42 వేలు దాటుతుంది. సీపీఎస్ పింఛను కింద పది శాతం పోయినా చేతికి 38 వేల పైన వస్తుంది. హైదరాబాదులో చిన్న ప్రైవేటు బడుల్లో ప్రాథమిక తరగతుల టీచరుకు ఇందులో సగమైనా ఇస్తారేమో వాకబు చేయండి, ఆ తర్వాత మళ్లీ ఈ మాట ఎత్తండి. కొత్తవాళ్లకు ఉద్యోగి సంఖ్య, ప్రాన్ (పింఛను ఖాతా) నంబరు వచ్చి బిల్లు పాసయ్యేదాకా రెండు మూడు నెలల జీతం ఆగి ఒకేసారి పడుతుంది. ఆ ఆలస్యాన్ని చూసి ‘ఇదేం ఉద్యోగం’ అనే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

రోజువారీ ప్రయాణం మాత్రం వెంటనే మానిపించండి. నేను మొదటి ఏడాది సరిగ్గా ఈ తప్పే చేశాను. నాదీ పుట్టింటి నుంచి రెండు బస్సుల దూరమే. అమ్మ చేతి వంట, అలవాటైన మంచం అని మురిసిపోయాను. డిసెంబరు వచ్చేసరికి బడిలో మధ్యాహ్నం తర్వాత పాఠం చెబుతూనే నా కళ్లు గడియారం మీద ఉండేవి, ఎందుకంటే నాలుగున్నర బస్సు పోతే తర్వాతిది ఆరింటికి. టీచరు కళ్లు ఎక్కడున్నాయో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. ఆదిలాబాద్ చలి సంగతి మీ శ్రీమతికి నేను చెప్పనక్కర్లేదు. ఆ చలిలో నాలుగున్నరకు తలస్నానం చేసి బస్సు కిటికీ పక్కన కూర్చుంటే ఏమవుతుందో నా సైనసును అడగండి.

ఉట్నూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉండటం వల్ల ఉద్యోగుల కుటుంబాలు చాలానే ఉన్నాయి, కాబట్టి గది దొరకడం కష్టం కాదు. ఒంటరిగా అని భయపడుతున్నారు గాని, ఆమెతోపాటు ఆ మండలాల్లో చేరిన కొత్త టీచర్లు ఎంతమంది లేరు! ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఇల్లు తీసుకోవచ్చు. ఇంటివాళ్లు కింద ఉండి, పైన గది ఉన్న ఇల్లు చూడమనండి. నీళ్లు వేసవిలో కూడా వస్తాయా అన్నది ఇంటివాళ్లను కాదు, పక్కింటివాళ్లను అడగాలి.

ఏకోపాధ్యాయ పాఠశాలలో సెలవు పెట్టడం చిన్న విషయం కాదు. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, 7 స్పెషల్ క్యాజువల్ లీవులు, ఆడవాళ్లకు అదనంగా 5 ఉన్నాయని కాగితం మీద చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆమె సెలవు పెడితే బడి తలుపు తీసేవాళ్లుండరు. ముందురోజే స్కూల్ కాంప్లెక్సుకు (చుట్టుపక్కల బడులను చూసే పెద్ద బడికి) చెప్పి, పక్క బడి నుంచి ఎవరినైనా పంపమని బతిమాలాలి. అందుచేత ‘శనివారం ఒక్కరోజు సెలవు పెట్టి రా’ అని మీరు ఫోనులో అన్నప్పుడల్లా ఆమె ఎందుకు విసుక్కుంటుందో అర్థం చేసుకోండి. అననే లేదంటారా? అని ఉంటారు లెండి, మా ఇంట్లోనూ అన్నారు.

జవాబు 2: రూల్స్ రాయుడు

బదిలీ ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తున్నాను. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఎస్.జి.టి. జిల్లా కేడర్ పోస్టు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఆదిలాబాద్‌లో చదవడం వల్ల స్థానికురాలై ఆ జిల్లాలో ఎంపికైన వ్యక్తి, మామూలు బదిలీల్లో ఆ జిల్లా లోపలే కదలగలరు. ఇంకో జిల్లాకు వెళ్లాలంటే ప్రభుత్వం అంతర జిల్లా బదిలీలకు విడిగా ఉత్తర్వులివ్వాలి, అవి ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. పైగా స్పౌజ్ కేటగిరీ ప్రయోజనం భర్త లేదా భార్య ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగి అయితేనే. మీరు ప్రైవేటు ఉద్యోగి కాబట్టి ఆ దారి మూసుకున్నట్టే. ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన 2021 డిసెంబరు నాటి 317 జీవో కేటాయింపుల్లో ప్రభుత్వోద్యోగులైన దంపతులే వేర్వేరు జిల్లాల్లో పడి ఎన్ని ధర్నాలు చేశారో గుర్తు చేసుకోండి.

జిల్లా లోపలి బదిలీకి బడిలో కనీసం రెండేళ్లు పూర్తి కావాలి. రోడ్డు సౌకర్యాన్ని, అద్దె భత్యాన్ని బట్టి బడులకు కేటగిరీలు ఉంటాయి. దూరపు బడిలో చేసిన సర్వీసుకు పాయింట్లు ఎక్కువ పడతాయి. అంటే ఇప్పుడు శాపమనుకుంటున్న ఆ ఒకటిన్నర కిలోమీటరే రేపు గుడిహత్నూరో, ఆదిలాబాద్ దగ్గరి ఊరో కోరుకునే సమయానికి అక్కరకు రావచ్చు. ఈ లెక్కలో కదలగలిగింది మీరొక్కరే.

జవాబు 3: ఏజెన్సీ పంతులు

నేను గోండు కుటుంబంలో పుట్టి అదే ప్రాంతంలో పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నవాడిని. పై జవాబుల్లో జీతం, బస్సు, పాయింట్లు వచ్చాయి. పిల్లల సంగతి ఒక్కరే కొంచెం తడిమారు. ఆ గూడ గోండులదా, కొలాములదా అన్నది మేడంగారు ఈపాటికి తెలుసుకునే ఉంటారు. బయటివారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, కానీ గోండి వేరు, కొలామీ వేరు. ఒకటో తరగతి పిల్లవాడు తెలుగు మొదటిసారి వినేది బడిలోనే. అలాంటివాడు చదవడం, రాయడం ఎంత వచ్చో చూసే తొలిమెట్టు పరీక్షలో అక్షరాలు గుర్తుపట్టకపోతే అది తెలివి తక్కువై కాదు. ఒక యాభై మాటలు వాళ్ల భాషలో నేర్చుకుంటే ఆరు నెలల పని రెండు నెలల్లో అవుతుంది.

చేరిన కొత్తలోనే దీపావళికి మా గోండుల ఆటపాటల పండుగ దండారి వచ్చి బడి ఖాళీ అయి ఉంటుంది, ఆ వెంటనే పత్తి ఏరే రోజులు. పిల్లలు రావడం లేదని ఆమె దిగులుపడి ఉంటే, అది ఆమె లోపం కాదని చెప్పండి. ఆమె చేరిన కొద్ది రోజులకే, అక్టోబరు 25న, మా మార్లవాయి ఊరి గుస్సాడీ నాట్య గురువు, పద్మశ్రీ కనకరాజు గారు కన్నుమూశారు. అందుచేత ఆ ఏడాది దండారి చాలా గూడల్లో బరువుగానే సాగింది. బయటి నుంచి వచ్చిన టీచరుకు ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, సాయంత్రం కాసేపు అక్కడ ఉంటేనే తెలుస్తాయి.

మార్లవాయి అన్నాను కాబట్టి ఒక మాట. కుమ్రం భీం పోరాటం తర్వాత 1940లలో నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండులనే పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం 1943లో అక్కడే మొదలైంది. 1987లో బెట్టీ చనిపోతే ఆమె సమాధి కూడా మార్లవాయిలోనే కట్టారు. వాళ్లలాగే మీరూ గుడిసె వేసుకోవాలని నేను చెప్పడం లేదు. ఈ రోజుల్లో ఉట్నూరు నుంచి స్కూటీ మీద వెళ్లి వస్తే చాలు. కాకపోతే వారానికి ఒక రోజైనా బడి అయ్యాక గంటసేపు గూడలో కూర్చోమనండి. నాగోబా జాతరకు కేస్లాపూర్ తీసుకెళ్లండి, ఇద్దరూ వెళ్లండి. టీచరమ్మ భర్తను కూడా చూశాక గూడ పెద్దలు ఆమెను ఇంకోలా చూస్తారు, ఇది మా దగ్గర నిజం.

జవాబు 4: ఆ టీచరును నేనే

ఈ ప్రశ్న అడిగినవారి భార్యను. మావారే ఈ ఆదివారం ఫోను నా చేతికిచ్చి చదవమన్నారు. నా గురించి ఇంతమంది పెద్దలు ఆలోచించినందుకు కృతజ్ఞతలు, ఆయన మాత్రం నన్ను అడగడానికి ముందు ఊరందరినీ అడిగారని ఇక్కడే రాసి పెడుతున్నాను.

ఏజెన్సీ పంతులు గారూ, మా గూడ గోండులదే. మొదటి వారంలో రెండో తరగతి పిల్లవాడొకడు నా దగ్గరికి వచ్చి ‘ఏర్, ఏర్’ అన్నాడు. ఏరు దగ్గరికి వెళ్తానంటున్నాడేమోనని, ఒక్కడివే వెళ్లకూడదని గట్టిగా కూర్చోబెట్టాను. పాపం, వాడు అడిగింది తాగడానికి నీళ్లు. వంట చేసే అక్క నవ్వి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను, ఇప్పటికి ముప్పై నాలుగు మాటలు అయ్యాయి.

ఉద్యోగం వదిలే ప్రశ్నే లేదు. ఆ మాట అత్తయ్యకు నేను చెబితే ఒకలా ఉంటుంది, ఆయన చెబితే ఇంకోలా ఉంటుంది, కాబట్టి ఆయనే చెప్పాలి. ఉట్నూరులో గది నేను పోయిన నెలలోనే చూసి వచ్చాను. నాతోపాటు చేరిన ఇంకో టీచరు కూడా ఆ ఇంట్లోనే పక్క వాటాలో ఉంటుంది, అద్దె మూడున్నర వేలు. ఇంటివాళ్ల గురించి, నీళ్ల గురించి అన్నీ కనుక్కున్నాను. పుట్టింట్లో ఇన్నాళ్లు ఉండటానికి అసలు కారణం ప్రయాణమూ కాదు, భయమూ కాదు. మొదటి జీతం పడలేదు, అడ్వాన్సు కోసం ఎవరి దగ్గరా చేయి చాచడం ఇష్టం లేకపోయింది.

నన్ను నిజంగా బాధపెడుతున్నది వేరే ఉంది. ఆయన ఆదివారం తెల్లవారుజామున దిగి, నిద్రలేమితో పదకొండు దాకా పడుకుంటారు. నేను వారం బట్టలు ఉతుక్కుని, పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటాను. మధ్యాహ్నం అమ్మ వడ్డించిన భోజనం అందరితో కలిసి తిని, సాయంత్రానికి ఆయన మళ్లీ సంచి సర్దుకుంటారు. పెళ్లయిన దగ్గర నుంచి మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకున్నది బస్సు వేళల గురించే. ఒక్కోసారి కండక్టరును పెళ్లి చేసుకున్నానేమో అనిపిస్తుంది. రెండో శనివారం కలిసొచ్చిన వారమే కొంచెం ఊపిరి పీల్చుకుంటున్నాం.

అందుచేత నా కోరిక ఒక్కటే. గది తీసుకున్నాక, ఇంటి నుంచి పని చేసే రోజులను ఆయన ఉట్నూరులో గడపాలి. గురువారం రాత్రి హైదరాబాదులో బయలుదేరితే శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు నాతో ఉండొచ్చు. నేను బడికి వెళ్లాక ఆయన లాప్‌టాప్ ముందు కూర్చోవచ్చు, సాయంత్రం కలిసి అంగడికి వెళ్లొచ్చు. వంట ఎవరు చేయాలన్నది అప్పుడు చూసుకుందాం. జొన్నరొట్టె చేయడం మాత్రం నేను నేర్పను, ఆయనకు అది తినడమే ఇంకా అలవాటు కాలేదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి నుంచి

పెద్దలందరికీ ధన్యవాదాలు. శనివారం సెలవు పెట్టమని రెండుసార్లు అన్న మాట నిజమే, టీచరమ్మ గారూ. అమ్మతో నిన్న రాత్రి మాట్లాడాను. జీతం లెక్క విన్నాక కాసేపు మౌనంగా ఉండి, అయితే గ్యాసు పొయ్యి, రెండు రగ్గులు ఇక్కడి నుంచే తీసుకెళ్లమంది. మా మేనేజరు మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకు రావడానికి ఒప్పుకున్నారు. అయితే ప్రతి నెలాఖరులో లెక్కలు ముగించే వారం మాత్రం పూర్తిగా హైదరాబాదులోనే ఉండాలన్నారు. అడ్వాన్సు ఈ రోజే పంపించాను. జీతం పడ్డాక తిరిగి ఇచ్చేస్తానని ఆమె పట్టుబట్టింది, సరేనన్నాను.

ఇక చివరిగా ఒక సందేహం. రోజంతా వీడియో కాల్స్ మాట్లాడాల్సిన పని కాబట్టి, ఉట్నూరు బస్టాండు ప్రాంతంలో కేబులు ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లున్నారా, కరెంటు పోయినప్పుడు కూడా అది పని చేయాలంటే ఎలాంటి ఇన్వర్టరు సరిపోతుంది? అక్కడ ఉంటున్నవారు చెబితే ఈ శుక్రవారం వచ్చేటప్పుడే కొని తెచ్చుకుంటాను.