సీసీయూలో వేశారు, ముందు ఏం చదువుకోవాలి?

కొత్తమ్మాయి: అందరికీ నమస్తే. నర్సుగా ఇన్నాళ్లూ మెడికల్ వార్డులోనే చేశాను. ఈ దేశం వచ్చాక సీసీయూలో, అంటే గుండె రోగుల ఐసీయూలో వేస్తున్నారు. ఈసీజీ అంటేనే టెన్షన్. జాయినయ్యేలోపు ఏం చూసుకోమంటారు?

నైట్‌డ్యూటీ అక్క: చదువు తర్వాత, ముందు కాగితాల్లో పేరు చూసుకో చెల్లీ. నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. ఇద్దరూ ఒకరేనని రుజువేదీ అంది లైసెన్సు ఆఫీసు. అఫిడవిట్ పంపితే ఇక్కడి నోటరీ కావాలన్నారు. అదీ పంపితే నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా లెటర్ రావాలన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా కొత్త మనిషి, మళ్లీ మొదట్నుంచీ రామాయణం. అది తేలేలోపు నాకిస్తామన్న సీసీయూ పోస్టు వేరే అమ్మాయికి పోయింది.

క్యాథ్‌ల్యాబ్ పాతకాపు: అక్కా, ఆమె అడిగింది ఈసీజీ గురించి! చెల్లెమ్మా, లీడ్లు, అంటే ఒంటికి తగిలించే ఈసీజీ వైర్ల రంగులు దేశాన్ని బట్టి మారతాయి. ఎర్ర వైరు ఐఈసీ (అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో కుడి చేతికి, అమెరికన్ పద్ధతిలో ఎడమ కాలికి. ఆకుపచ్చది ఐఈసీలో ఎడమ కాలు, అమెరికన్‌లో కుడి కాలు. పాత అలవాటు మీద పెట్టేస్తే ట్రేసంతా తారుమారు. క్లిప్పు మీద అక్షరాలు చదివి పెట్టు.

ఇంకోటి. గజ్జ నుంచి యాంజియో చేసిన పేషెంటు నడుం నొప్పంటే, పడుకుని పడుకుని వచ్చిందిలే అనుకోకు. లోపల వీపు వైపు రక్తం కారుతుంటే డ్రెస్సింగ్ మీద చుక్క కూడా కనబడదు. బీపీ, పల్స్ చూసి వెంటనే డాక్టరును పిలువు.

స్టెప్‌డౌన్ వదిన: అలారం మోగితే ముందు మనిషిని చూడమ్మా. పళ్లు తోముకుంటున్నా మానిటర్‌లో వీటీ (గుండె కింది గదుల నుంచి వచ్చే ప్రమాదకరమైన వేగం) లాంటి గీతలు వస్తాయి. స్పృహ, పల్స్ నిజంగానే లేకపోతే కోడ్ (ఎమర్జెన్సీ టీమ్) పిలిచి ఛాతీ నొక్కడం మొదలుపెట్టు, నిమిషానికి 100 నుంచి 120. ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే చికిత్స ట్రైనింగ్) కార్డు 2 ఏళ్లే పనికొస్తుంది, తేదీ చూసుకో. రక్తంలో పొటాషియం 4 (mmol/L) కన్నా తగ్గనివ్వకు, అది రూలు.

పాతకాపు: రూలేం కాదు వదినగారూ. 2024లో టైట్-కె ట్రయల్ వచ్చింది. బైపాస్ తర్వాత 3.6 కన్నా తగ్గితేనే పొటాషియం ఇచ్చినవాళ్లలో ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఏమీ పెరగలేదు, 4.5 కన్నా తగ్గగానే ఇచ్చినవాళ్లతో పోలిస్తే.

వదిన: అది బైపాస్ వాళ్లకి. గుండెపోటుతో వచ్చి వీటీ కొడుతున్నవాడికి ఆ పేపరు చూపిస్తారా? మా ప్రోటోకాల్ 4.

నైట్‌డ్యూటీ అక్క: మొన్న హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) మీదా ఇంతే మీరిద్దరూ. చెల్లీ, మీ యూనిట్ ప్రోటోకాల్ ఏదంటే అదే. ఐవీ పొటాషియం మాత్రం పంపు మీదే, పుష్ (సిరంజితో నేరుగా ఎక్కించడం) అన్న మాటే లేదు. మొదట్లో నీతోపాటు సీనియర్‌ని ఎన్నాళ్లు ఉంచుతారో జాయినయ్యేటప్పుడే అడుగు. మనుషులు తక్కువున్న రోజు ఆ సీనియర్‌నే వేరే బెడ్లకి లాగేస్తారు, అప్పుడు నోరు విప్పాలి.

పాతకాపు: హెపారిన్ సంగతి ఇంకా తేలలేదు అక్కా.