దండు చేను అన్నంత మాత్రాన అక్కడ దండు దిగినట్టేనా?

లష్కరు చెలక, దండు బీడు, ఫిరంగి దిబ్బ లాంటి పేరు ఎక్కడైనా వినపడగానే అక్కడ ఏదో సైన్యం విడిసిందని చెప్పేయాలనిపిస్తుంది, సహజమే. కానీ ముందు ఆ పొలం ఎవరిదో అడగండి. దండు, గుర్రం, ఏనుగు, తుపాకుల, ఇవన్నీ ఇంటిపేర్లు కూడా. గుర్రంవారి చేను నాలుగు తరాలకి ఉత్త గుర్రం చేను అయిపోతుంది. కాలువ కింద ఊళ్ళల్లో ఇంకో చిక్కుంది, అక్కడ లష్కరు అంటే సైన్యం కాదు, తూములు ఎత్తి దించే ఇరిగేషన్ మనిషి. తోపు అన్నా అంతే, మామిడితోపా ఫిరంగా అని ఆగి చూడాలి. అయితే మామిడితోపే అని తేలినా పూర్తిగా కొట్టిపారేయకండి, ఎండలో నడిచొచ్చిన సైన్యం దిగేది నీళ్ళు దగ్గరున్న అలాంటి తోపులోనే.

నన్నడిగితే ఒక్క పేరు సాక్ష్యం కాదు, పేర్ల గుంపు సాక్ష్యం. దండంటే ఒట్టి సిపాయిలు కాదు కదా, గుర్రాలు, మందుగుండు, బండ్లు లాగే ఎడ్లు, వెనకే గింజలు మోసుకొచ్చే లంబాడీల పెరిక ఎడ్లు, వాటితోపాటు ఓ బజారు. సికింద్రాబాదే చూడండి. నిజాంతో 1798 ఒప్పందం తర్వాత ఈస్టిండియా కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన దిగాయి, 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు, కానీ జనం నోట అది లష్కరే, ఇప్పటికీ లష్కర్ బోనాలే. డేరాలు ఎప్పుడో లేచిపోయినా బొల్లారం వైపు రిసాలా బజార్ అలాగే ఉంది, రిసాలా అంటే గుర్రపు దళం. తిరుమలగిరిలో లాల్ బజార్. పాతబస్తీ అవతల బార్కస్ అయితే బ్యారక్స్ అన్న మాటే, నిజాం కొలువులోని అరబ్బు సిపాయిలు ఉన్న చోటు. బెంగళూరులో 1809లో పెట్టిన కంటోన్మెంటుని కన్నడం వాళ్ళు దండు అనే అంటారు. గ్వాలియర్ పక్కన 1810లో మరాఠా పాలకుడు దౌలత్‌రావ్ సింధియా దిగిన విడిది ఏకంగా లష్కర్ అనే ఊరైపోయింది.

ఇవి నగరాలు కాబట్టి పేర్లు బతికాయి. చేలకి ఆ అదృష్టం లేదు. సర్వే నంబరు వచ్చాక పాసుపుస్తకంలో పేరు ఉండదు, అది పశువులు కాసినవాళ్ళ నోట్లో, నాట్లేసిన ఆడవాళ్ళ నోట్లో మాత్రమే ఉంటుంది, వాళ్ళూ పెద్దవాళ్ళైపోతున్నారు. అందుకే ఇంట్లో పాత దస్తావేజులుంటే హద్దులు చదవండి. తూర్పున దండుబాట అని ఒక్క ముక్క కనపడినా వదలొద్దు, ఆ బాట ఎటు నుంచి ఎటు పోయేదో, దగ్గర్లో కుంట ఏదో, ఆనుకుని ఉన్న చేల పేర్లేమిటో, ఆ ఇంటిపేరు వాళ్ళు ఊళ్ళో ఉన్నారో లేదో, అన్నీ కలిపి రాయండి. పేరు ఒక్కటే రాస్తే దేనికీ పనికిరాదు.

ఇబ్రహీంపట్నం దగ్గర దండుమైలారం వాళ్ళెవరైనా ఉంటే ముందు మీరే మొదలుపెట్టండి, మీ ఊరి చుట్టూ పొలాల్ని పెద్దవాళ్ళు ఏమని పిలుస్తారు?